హెచ్చరిక అంటే ఆదరణే!

ఓ మంచిమాట మనిషిని నిలబెడుతుందంటారు. నిజమే. కానీ ఎవరు, ఎప్పుడు, ఎలా అంటే అది మంచిమాట అవుతుంది? తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న ఒక చిత్రమైన పదాన్ని పట్టుకుని వెళితే సమాధానం దొరుకుతుంది.

ఆదివారం ఆరాధన అయిపోయింది. చెప్పులు వెతుక్కునేవాళ్ళు, పిల్లల్ని వెతుక్కునేవాళ్ళు, 'వందనాలండీ' అంటూ చేతులు జోడించేవాళ్ళు... గుడి ముంగిట ఒకటే సందడి. అందులో ఓ పక్కగా ఓ అమ్మాయి. పెళ్ళయి ఏడేళ్ళయింది. పిల్లల్లేరు. గేటు దాటేలోపు ఆమెకు మూడు పలకరింపులు తప్పవు. "ఇంకా ఏమీ లేదా అమ్మా?" అన్నది మొదటిది. "హన్నా కూడా నీలాగే ఏడ్చింది. ఉపవాసముండి ప్రార్థన చెయ్యి" అన్నది రెండోది. మూడోది మరీ చనువున్నవాళ్ళది. "ఎక్కడో ఏదో అడ్డముంది తల్లీ... నిన్ను నువ్వే పరీక్షించుకో!"

ముగ్గురూ చెడ్డవాళ్ళు కారు. ఆ అమ్మాయి కోసం నిజంగానే మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు. ధైర్యం చెప్పామన్న తృప్తితోనే ఇంటికెళ్తారు. ఆ అమ్మాయి మాత్రం పై వారం నుంచి చివరి పాట మొదలవగానే లేచి వెళ్ళిపోవడం నేర్చుకుంటుంది.

ఆమె స్థానంలో ఇంటర్ తప్పిన కుర్రాణ్ణి పెట్టుకోండి. ఉద్యోగం పోయిన ఇంటాయన్ని పెట్టుకోండి. కీమోథెరపీతో జుట్టు రాలిపోయి, తలకు స్కార్ఫ్ కట్టుకుని వచ్చిన పెద్దావిణ్ణి పెట్టుకోండి. మాటలు కాస్త మారతాయి. అంతే! మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన మాట మంచిదైపోదన్నమాట. ఎక్కడ దారి తప్పుతోంది మరి?

ఒకే వేరు... రెండు కొమ్మలు

బైబిల్లో 'అపొస్తలుల కార్యములు' అనే గ్రంథం ఉంది. యేసు తర్వాత ఆయన శిష్యులు ఏం చేశారో చెప్పే చరిత్ర. అందులో నాలుగో అధ్యాయం చివర యోసేపు అనే ఒకాయన కనిపిస్తాడు. కుప్ర అంటే ఇప్పటి సైప్రస్ ద్వీపంలో పుట్టిన లేవీయుడు. పొలం అమ్మి ఆ డబ్బు తెచ్చి పేదల కోసం అపొస్తలుల ముందు పెట్టాడు. వాళ్ళు ఆయనకు ముద్దుగా 'బర్నబా' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరుకు అర్థమేమిటో కూడా గ్రంథకర్త అక్కడే చెప్పాడు. మనవాళ్ళు తరతరాలుగా చదువుకుంటున్న తెలుగు బైబిల్లో అది 'హెచ్చరిక పుత్రుడు'!

చదివినవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోవాల్సిందే. ఇవాళ హెచ్చరిక అనగానే మనకు గుర్తొచ్చేవి ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ, సిగరెట్ పెట్టె మీద రాత, రేవులో ఎగరేసే మూడో నంబరు ప్రమాద సూచిక. పొలం అమ్మి పదిమందికి పెట్టిన మనిషికి అలాంటి పేరేమిటి?

గ్రీకు మూలంలో అక్కడున్న మాట 'పరాక్లేసిస్'. 'పరా' అంటే పక్కన. 'కలేయో' అంటే పిలవడం. పక్కకు పిలుచుకోవడం, పక్కన చేరడం అన్న భావంలోంచి ఓదార్చడం, ధైర్యం చెప్పడం, ముందుకు నడవమని పురికొల్పడం అన్న అర్థాలన్నీ పుట్టాయి. యోహాను సువార్తలో యేసు పరిశుద్ధాత్మ గురించి చెబుతూ వాడిన పదం కూడా ఈ వేరు నుంచి వచ్చిందే. అక్కడ తెలుగు బైబిలు 'ఆదరణకర్త' అంది. అంటే ఒకే వేరు తెలుగులోకి వచ్చేసరికి ఓ చోట ఆదరణగా, ఇంకోచోట హెచ్చరికగా కొమ్మలు వేసింది.

అనువాదకులు పొరబడ్డారని కాదు. పాత తెలుగులో హెచ్చరిక అనే మాటకు ఇంత కోపం లేదు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ఒక హెచ్చరిక పాట ఉంది. రాముణ్ణి మెల్లగా, జాగ్రత్తగా వేంచేయమని పిలిచే పాట అది. అక్కడ బెదిరింపు లేదు. కనిపెట్టుకుని ఉండటం ఉంది. కాలం గడిచేకొద్దీ ఆ మాటలోంచి మెత్తదనం జారిపోయి గద్దింపు మిగిలింది. ఇబ్బందేమిటంటే, పదంతోపాటే అలవాటూ అలాగే మారింది. ఆదరించడానికి వెళ్ళినవాళ్ళు హెచ్చరించి వస్తున్నారు. అదీ ఇవాళ్టి అర్థంలో!

నోటిమాట ఒక్కటీ దొరకదు

అసలు బర్నబా ఏం మాట్లాడేవాడో చూద్దామని వెళితే ఒక తమాషా ఎదురవుతుంది. అపొస్తలుల కార్యముల్లో పేతురు ప్రసంగాలున్నాయి. స్తెఫను సుదీర్ఘ ప్రసంగముంది. పౌలు మాటలకైతే లెక్కేలేదు. బర్నబా ఒక్కడే పలికిన వాక్యం మాత్రం యథాతథంగా ఒక్కటీ లేదు. ఎక్కడైనా ఉంటే పౌలుతో కలిపి ఉంటుంది. లుస్త్ర అనే ఊళ్ళో జనం వీళ్ళిద్దర్నీ దేవతలనుకుని బలులివ్వబోయినప్పుడు కూడా, మాటకారి గనుక పౌలుకు హెర్మే అని, బర్నబాకు ద్యుపతి అని పేర్లు పెట్టారు. అంటే ఇద్దర్లో ఉపన్యాసకుడు ఈయన కాదు. అయినా ప్రోత్సాహానికి మారుపేరయ్యాడు!

ఎలా అంటే... అప్పటిదాకా క్రైస్తవుల్ని ఇళ్ళలోంచి ఈడ్పించి చెరసాలల్లో వేయించిన సౌలు మనసు మారి యెరూషలేముకు వచ్చాడు. ఎవరూ నమ్మలేదు. నాటకమాడుతున్నాడేమోనని భయపడ్డారు. వాళ్ళ భయంలో తప్పేముంది? అప్పుడు బర్నబా అతణ్ణి చేరదీసి, పెద్దల దగ్గరికి తీసుకెళ్ళి, దారిలో అతనికి ఏం జరిగిందో తానే వివరించి చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే జామీను ఉన్నాడు. ఆ సౌలే తర్వాత పౌలు.

ఆపైన అంతియొకయలో కొత్త సంఘం పుట్టింది. యూదులు కానివాళ్ళు కూడా అందులో చేరుతున్నారు. సంగతి చూసిరమ్మని పెద్దలు బర్నబాను పంపారు. తనిఖీకి వెళ్ళిన మనిషి తప్పులు వెతకాలిగా! ఈయన అక్కడ జరుగుతున్నది చూసి సంతోషించాడట. గట్టిగా నిలబడమని చెప్పాడట. పని పెరిగేసరికి తార్సు దాకా వెళ్ళి మరీ సౌలును వెతికి తెచ్చుకున్నాడు. తనకంటే బాగా మాట్లాడేవాణ్ణి పిలిచి పక్కన నిలబెట్టుకోవడం ఎంతమంది చేయగలరు? ఏ సంఘంలోనైనా, ఏ ఆఫీసులోనైనా చూడండి!

ఏడు రోజుల మౌనం

తెలుగు క్రైస్తవుల్లో 'ఆదరణ కూడిక' అని ఒక చక్కటి ఏర్పాటు ఉంది. ఇంట్లో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకు బంధువులు, సంఘస్తులు ఆ ఇంటికి చేరతారు. షామియానా వేస్తారు. పాటలు పాడతారు. పోయినవాళ్ళ మంచిని నలుగురూ తలుచుకుంటారు. అయ్యగారు వాక్యం చెబుతారు. తర్వాత భోజనాలు. పోయినవాళ్ళ కోసం కాదు, ఉన్నవాళ్ళ కోసం జరిగే కూడిక. పేరులోనే ఆదరణ ఉంది.

అయితే చాలాచోట్ల మైకు చేతికొచ్చేసరికి సంగతి మారుతుంది. "ఇవాళ ఈయన... రేపు ఎవరో! నువ్వు సిద్ధంగా ఉన్నావా?" అంటూ గొంతు పైకి లేస్తుంది. చెప్పే సిద్ధాంతం వాళ్ళ విశ్వాసమే కావచ్చు. కానీ ముందు వరసలో కూర్చున్న ఆ భార్యకు, ఆ పిల్లలకు ఆ సాయంత్రం కావాల్సింది అదేనా? వాళ్ళు అప్పటికే వణికిపోయి ఉన్నారు.

ఈ విషయంలో బైబిలే ఒక మంచి పాఠం దాచిపెట్టింది. యోబు పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నప్పుడు ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు చూడటానికొచ్చారు. అతణ్ణి గుర్తుపట్టలేక బిగ్గరగా ఏడ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటే నేలమీద కూర్చున్నారు. ఒక్కమాట మాట్లాడలేదు. అక్కడికి వాళ్ళంత మంచి స్నేహితులు లేరు. నోరు విప్పాకే వచ్చింది చిక్కంతా! నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అన్న వాదన అధ్యాయాల తరబడి సాగింది. గ్రంథం చివర్లో దేవుడు కోప్పడింది యోబు బాధతో అన్న మాటల మీద కాదు. తనను వెనకేసుకొచ్చామనుకున్న ఆ స్నేహితుల మీద.

గుడి గేటు దగ్గర వినిపించిన మూడో పలకరింపు ఎలీఫజు వంశానిదే.

సామెతల గ్రంథం ఇంకొంచెం ముందుకెళ్ళింది. మనసు విరిగినవాడి దగ్గర పాటలు పాడటం చలిలో ఒంటిమీది బట్ట లాగేయడం లాంటిదంది. తెల్లారకముందే లేచి పక్కింటివాణ్ణి పెద్దగొంతుతో దీవిస్తే అది వాడికి శాపంలాగే ఉంటుందని కూడా అంది. ఆ రోజుల్లో లౌడ్‌స్పీకర్లు లేవు పాపం. మందిరమైనా, గుడైనా, మసీదైనా ఈ మాట గోడమీద రాసిపెట్టుకోదగ్గదే.

నెల్లూరుకు వచ్చిన ఒంటి నక్షత్రం

మాట ఎంత పనిచేస్తుందో చెప్పే ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు చరిత్రలోనే ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం తీరానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఖర్చు దండగ, మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో మళ్ళీమళ్ళీ వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో అదే చర్చ. నెల్లూరులో ఉన్న లైమన్ జ్యూయెట్‌కు మూసేయమని ఉత్తరం రాసే చెయ్యి ఎవరిదని కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ నిలదీశాడు. గోడమీది పటంలో మిషన్ కేంద్రాలకు నక్షత్రాల గుర్తులున్నాయి. తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటే. ఎవరో దాన్ని 'లోన్ స్టార్' అన్నారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటి నక్షత్రం మీద ఒక పద్యం రాశాడు. అమెరికన్లు పాడుకునే 'మై కంట్రీ టిస్ ఆఫ్ దీ' గీతం రాసింది ఈయనే. మర్నాడు దాన్ని చదివి వినిపిస్తే విన్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. మిషన్ మిగిలింది. పేరు కూడా అదే నిలిచిపోయింది... లోన్ స్టార్ మిషన్!

అయితే పద్యం ఒక్కటే సరిపోలేదు. 1862లో మళ్ళీ అదే మాట. సెలవు మీద అమెరికా వెళ్ళిన జ్యూయెట్ మాత్రం, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగెళ్ళి తెలుగువాళ్ళ మధ్యే చస్తానన్నాడు. అలాగైతే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అన్నాడట కార్యదర్శి వారెన్. హాస్యమే. కానీ నిజంగానే తోడు పంపారు. అలా వచ్చినవాడే జాన్ క్లౌ. 1866లో ఒంగోలులో దిగాడు.

1876-78 నాటి మహాకరువులో ఈ క్లౌ చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. ఆకలితో వచ్చిన పేదలు, ముఖ్యంగా మాదిగలు, పని దగ్గర మేస్త్రీల చేత తిట్లూ దెబ్బలూ తింటున్నారు. క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకుల్నే పని చూసేవాళ్ళుగా పెట్టాడు. తట్ట దించి కాసేపు కూర్చున్నవాళ్ళతో ఆ బోధకులు మాట్లాడేవాళ్ళు. భారం మోసి అలసినవాళ్ళను తన దగ్గరికి రమ్మన్న యేసు పిలుపునే వాళ్ళు ఎక్కువగా చెప్పేవారట. నెత్తిన మట్టితట్ట మోసేవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదీ ఎండలో, కూలి చేతికందాక, ఎవరూ తిట్టనిచోట!

కూటి కోసమే చేరారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. క్లౌ కూడా దానికి భయపడినవాడే. సహాయం పంచుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్రకారులు దీనికి చాలా కారణాలు చెబుతారు. మనిషిని మనిషిగా పలకరించడం అందులో చిన్న కారణమేమీ కాదు.

మెత్తగా అన్నా... నిజమే అనాలి

దయగా మాట్లాడమంటే ఎదుటివాళ్ళకు నచ్చేదే చెప్పమని కాదు. ఇందుకు డోర్నకల్ బిషప్ అజరయ్యే ఉదాహరణ. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. ఆ మరుసటి ఏడాది ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ. హాలు నిండా తెల్లదొరలు. అక్కడ ఈ యువకుడు లేచి, మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, అందుకు భారత సంఘం కృతజ్ఞత చూపుతుంది అంటూనే, మాకు కావాల్సింది దొరతనం కాదు, స్నేహితులు కావాలని అడిగాడు. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినా ఇంటికి పిలిచి భోజనం పెట్టని మిషనరీల సంగతి దాచలేదు. కొందరికి కోపం వచ్చింది. అయినా ఆ ప్రసంగం ఆ సభలో అందరూ గుర్తుంచుకున్నవాటిలో ఒకటైంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన అడిగిన ప్రశ్న ఇప్పుడు మనల్నీ అడగొచ్చు. మందిరంలో అందరూ బ్రదర్లూ సిస్టర్లే. గేటు బయట మోటారు మెకానిక్కును, ఇంట్లో అంట్లు తోమే ఆవిణ్ణి ఏమని పిలుస్తున్నాం? ఊరి మందిరంలో అయ్యగారికి, అమ్మగారికి 'గారు' తప్పదు. చాపలు పరిచి, బల్లలు తుడిచే కుర్రాడికి 'ఒరేయ్' చాలు. ఒకే నోటితో దేవుణ్ణి స్తుతించి, దేవుడి పోలికలో పుట్టిన మనిషిని శపించడం కుదరదని యాకోబు పత్రిక రాసింది. ఒకే ఊటలోంచి మంచినీళ్ళూ చేదునీళ్ళూ రావు కదా అని అడిగింది.

ఇక ఇంటి సంగతి. పిల్లల్ని విసిగించి కోపం తెప్పించవద్దని పౌలు ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలో ప్రత్యేకంగా తండ్రులకు చెప్పాడు. 'పక్కింటి పిల్లకు 580, నీకెన్ని?' అన్న మాట ఆయన కాలంలో లేదుగానీ దానికీ వర్తిస్తుంది. తెలుగిళ్ళలో పిల్లల్ని ముఖంమీద మెచ్చుకుంటే చెడిపోతారని, దిష్టి తగులుతుందని ఒక భయం. కాబట్టి నాన్న మెప్పు పిల్లాడికి ఎప్పుడో చుట్టాల నోటివెంట తెలుస్తుంది. అదీ తెలిస్తే! దీనికి క్రైస్తవ ఇళ్ళేమీ మినహాయింపు కాదు.

మరి ఏం మాట్లాడాలి? పొగడ్తలు అక్కర్లేదు. పెద్ద వాక్యాలు కంఠస్థం చేయనక్కర్లేదు. ఇంటర్ తప్పిన కుర్రాడితో "సప్లిమెంటరీకి లెక్కలు నేను చెబుతా, సాయంత్రం రా" అనొచ్చు. కీమో చేయించుకుంటున్న పెద్దావిడతో "గురువారం ఆస్పత్రికి నేనొస్తా, క్యారియర్ నేను తెస్తా" అనొచ్చు. పిల్లల్లేని ఆ అమ్మాయిని ఆ సంగతి ఎత్తకుండా "నిన్న పాడిన పాట మా ఇంట్లో ఇంకా మోగుతోందమ్మా" అనొచ్చు. ఆమె తనంతట తాను చెప్పుకున్న రోజున వినొచ్చు. ఏ మాటకైనా కొంత పనో, కొంత సమయమో జతపడితే దాని బరువే వేరు. బర్నబా మాటలు గ్రంథంలోకి ఎక్కకపోవడానికి బహుశా ఇదే కారణమేమో!

మార్కును తీసుకురా!

బర్నబా కథలో ఒక గొడవ కూడా ఉంది. ఆయనకు మార్కు అనే సమీప బంధువు ఉన్నాడు. పౌలు, బర్నబాల మొదటి సువార్త ప్రయాణంలో వెంట వెళ్ళాడు. పంఫూలియ చేరాక ఎందుకో మధ్యలోనే వదిలేసి ఇంటికి తిరిగొచ్చాడు. మళ్ళీ బయల్దేరే సమయానికి బర్నబా అతణ్ణి వెంట తీసుకెళ్దామన్నాడు. పౌలు ససేమిరా అన్నాడు. సగంలో వదిలేసినవాణ్ణి ఎలా నమ్మడం? మాటామాటా పెరిగి, అంతటి స్నేహితులూ విడిపోయారు. పౌలు సీలను తీసుకుని ఒక దారిన, బర్నబా మార్కును తీసుకుని పడవెక్కి కుప్రకు మరో దారిన వెళ్ళారు. ఆ తర్వాత అపొస్తలుల కార్యముల్లో బర్నబా మళ్ళీ కనిపించడు.

ఎవరిది తప్పో గ్రంథం తేల్చలేదు. పౌలు భయం పౌలుకుంది. ఒకప్పుడు తననూ ఎవరూ నమ్మనప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఈ బర్నబాయేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తొచ్చిందో లేదో!

ఏళ్ళు గడిచాయి. పౌలు రోములో సంకెళ్ళతో ఉన్నాడు. దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చలికాలం రాకముందే రమ్మని తిమోతికి ఉత్తరం రాశాడు. త్రోయలో వదిలేసిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా తోలు కాగితాలను తెమ్మన్నాడు. వాటికంటే ముందు రాసిన మాట ఇంకొకటుంది. వచ్చేటప్పుడు మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పరిచర్యలో అక్కరకొచ్చే మనిషి అని.